ఒకటి తక్కువ పది



నేను ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఓ ఏడాది ఆరో తరగతి కుర్రాడొకడు వాళ్ల నాయనమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక వెండి రూపాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంచు అరిగింది గానీ బొమ్మ చెక్కుచెదరలేదు. కిరీటం పెట్టుకున్న గడ్డపు రాజు, ఆయన చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. వాడు వాటిని కూడబలుక్కుని చదివాడు. "జార్జ్ వి కింగ్ ఎంపరర్." చదివి అడిగాడు: "మాస్టారూ, వి అంటే ఆయన ఇంటిపేరా?"

ఆ ప్రశ్న నాకు ఇవాళ్టికీ ఇష్టం. మనకి పేరు పక్కన ఒంటరిగా ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే అది ఇంటిపేరే కదా. మా బడి హాజరుపట్టీ నిండా అలాంటి అక్షరాలే. వాడి ఆలోచన వాడికి సక్రమంగానే ఉంది. "అది అక్షరం కాదురా, అంకె. ఐదు. ఆయన ఐదో జార్జి" అన్నాను. విశాఖపట్నం కె.జి.హెచ్. పేరులో ఉన్న కింగ్ జార్జి ఈయనే. ఈయన తండ్రి రూపాయి మీద ఎడ్వర్డ్ అన్న పేరు పక్కన వి, ఐ, ఐ అని మూడు గుర్తులుంటాయి. అంటే ఏడో ఎడ్వర్డ్. కొడుకు నాణెం మీద జార్జి పక్కన వి, ఐ. అంటే ఆరో జార్జి. "తండ్రి ఏడు, కొడుకు ఐదు, మనవడు ఆరు ఎలా అయ్యారండీ?" అని వాడు మళ్లీ అడిగాడు. ఒక్కో పేరుకి లెక్క విడిగా నడుస్తుందని, ఎడ్వర్డుల్లో ఏడోవాడు, జార్జిల్లో ఐదోవాడు అని చెబితే ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వాడికి రోమన్ అంకెల పట్టిక ఒకటి రాసిచ్చి కంఠతా పట్టమన్నాను. వారం తిరక్కుండా మర్చిపోయాడు. తప్పు వాడిది కాదు, పట్టికది. ఎందుకలా ఉందో తెలియని దాన్ని పిల్లలు ఎంతకాలం మొయ్యగలరు?

ఈ అంకెలు మనం అనుకునే దానికంటే మన చుట్టూ ఎక్కువగానే ఉన్నాయి. ప్రశ్నపత్రంలో విభాగాలకి, పుస్తకాల్లో ముందుమాట పేజీలకి, భారత రాజ్యాంగంలో భాగాలకి ఈ అంకెలే. ప్రాథమిక హక్కులున్నది మూడో భాగంలో, అక్కడ మూడు నిలువు గీతలుంటాయి. హీమోఫీలియా ఉన్నవాళ్లకి ఎక్కించే ఫ్యాక్టర్ ఎయిట్‌లో ఎనిమిదిని ఇలాగే రాస్తారు. రసాయనశాస్త్రంలో ఐరన్ టు, ఐరన్ త్రీ అన్నప్పుడూ ఇవే. కనుక ఇవాళ ఈ కాసేపట్లో వీటిని రాయడం, చదవడం ఇద్దరం కలిసి చేద్దాం. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తెచ్చుకోండి.

ఆ కుర్రాడి తండ్రికి బజార్లో కిరాణా కొట్టుండేది. ఓ రోజు సరుకులకి వెళ్తే వాడే గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. నా పద్దు 68 రూపాయలైంది. యాభై నోటు, పది నోటు, ఐదు నోటు, మూడు రూపాయి బిళ్లలు ఇచ్చాను. వాడు ఒక్కోదాన్ని దాని అరలో వేస్తున్నాడు. యాభై యాభైల్లోకి, పది పదుల్లోకి. నేను వాడి చేతుల్నే చూస్తూ నిలబడిపోయాను. నేను పట్టికలో రాసిచ్చింది ఈ గల్లాపెట్టెనే!

రెండు, ఇరవై లాంటి రెండుతో మొదలయ్యేవన్నీ పక్కన పెట్టండి. మిగిలిన అరలేమిటి? రూపాయి, ఐదు, పది, యాభై, వంద, ఐదువందలు. ఆ పైన, 2016 నవంబరులో రద్దయిన వెయ్యి నోటు. మొత్తం ఏడు. రోమన్లకి ఉన్న గుర్తులూ సరిగ్గా ఆ ఏడే, ఆ విలువలకే. రూపాయికి ఐ. ఐదుకి వి. పదికి ఎక్స్. యాభైకి ఎల్. వందకి సి. ఐదువందలకి డి. వెయ్యికి ఎం. కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకోండి.

రాస్తూ ఒకసారి వాటి ఆకారాలు చూడండి. ఐ ఒక నిలువు గీత. పాలవాడి లెక్కకి మన అమ్మలు గోడ మీద బొగ్గుతో గీసిన గీత లాంటిదే. ఎక్స్ మన ఇంటూ గుర్తు. దాన్ని నడుముకి అడ్డంగా కోస్తే పై సగం వి. పదిలో సగం ఐదు! వెయ్యికి పాతకాలంలో ఒక గుండ్రని సున్న గీసి, దాన్ని నిట్టనిలువునా చీల్చే గీత పెట్టేవారు. ఆ గుర్తులో కుడి సగాన్ని చూడండి, అచ్చం డి. వెయ్యిలో సగం ఐదువందలు. వందని లాటిన్‌లో కెంటుం అంటారు, వెయ్యిని మిల్లె అంటారు. ఆ మాటల మొదటి అక్షరాలతో కలిసిపోయి సి, ఎం స్థిరపడ్డాయి. మొదట ఇవి అక్షరాలు కావు, కర్ర మీద కత్తితో పెట్టిన గాట్లు, గీతలు. తర్వాత్తర్వాత అక్షరాల రూపంలోకి ఒదిగాయి.

ఇప్పుడు నేనిచ్చిన 68 రూపాయల్ని, ఇచ్చిన వరసలోనే రాయండి. యాభై, పది, ఐదు, ఒకటి, ఒకటి, ఒకటి. ఎల్, ఎక్స్, వి, ఐ, ఐ, ఐ. అంతే, 68ని రోమన్ అంకెల్లో రాసేశారు. పెద్ద నోటు ముందు, చిన్న నోటు తర్వాత. వి ఎప్పుడూ రెండుసార్లు పక్కపక్కన రాదని పుస్తకంలో నియమం ఉంటుంది. ఎందుకొస్తుంది? రెండు ఐదులిచ్చే బదులు ఒక పది నోటిస్తాం. ఎల్‌కీ డి‌కీ అదే కథ. కొట్లో కూర్చున్న పిల్లవాడికి ఈ నియమం ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి తొమ్మిది రూపాయలైతే? ఐదు నోటు, నాలుగు బిళ్లలు వెతుక్కోవాలి. మనం ఏం చేస్తాం? పది నోటిచ్చి రూపాయి వెనక్కి తీసుకుంటాం. రోమన్ అంకెల్లో తొమ్మిది అదే: ముందు ఐ, తర్వాత ఎక్స్. చిన్నది పెద్దదాని ముందు నిలబడితే అది మనకి తిరిగొచ్చిన చిల్లర.

ఇక్కడ మన తెలుగు మనకి చాలా సాయం చేస్తుంది. మన మాటతీరు గమనించండి. "రూపాయి తక్కువ పది." "పది తక్కువ వంద." "పావు తక్కువ ఆరు." చిన్నది ముందు, పెద్దది వెనక. "ఒకటి తక్కువ పది" అనండి, అన్న వరసలో రాయండి: ఐ, ఎక్స్. మధ్యలో ఉన్న "తక్కువ" అన్న మాటని వాళ్లు రాయలేదు, ముందు నిలబెట్టడంతోనే చెప్పారు. నేను ఈ సంగతి పట్టుకున్నాక నా తరగతిలో ఏ పిల్లా తొమ్మిదిని, పదకొండుని తారుమారు చెయ్యలేదు.

లాటిన్ మాట్లాడేవాళ్లు పంతొమ్మిదిని నోటితోనే ఉండేవిగింతి అనేవారు. ఒకటి తక్కువ ఇరవై అని అర్థం. పద్దెనిమిది డుఓడేవిగింతి, రెండు తక్కువ ఇరవై. మనకి ఇది కొత్తా? వాల్మీకి రామాయణంలో పంతొమ్మిదో సర్గ పేరు ఏకోనవింశః సర్గః. ఏక, ఊన, వింశతి. ఒకటి తగ్గిన ఇరవై. హైదరాబాదులో హిందీ, ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవాళ్లకి ఉన్నీస్ తెలుసు, ఉన్‌తీస్ తెలుసు. వాటిలోని "ఉన్" కూడా ఆ ఊనమే. విగింతి, వింశతి ఒక తల్లి బిడ్డలైన మాటలు.

ఈ తగ్గించే పద్ధతి మొత్తం ఆరుచోట్లే వస్తుంది. నాలుగు, తొమ్మిది, నలభై, తొంభై, నాలుగువందలు, తొమ్మిదివందలు. నాలుగంటే ఐ, వి. నలభై అంటే ఎక్స్, ఎల్. పది తక్కువ యాభై. తొంభై ఎక్స్, సి. నాలుగువందలు సి, డి. తొమ్మిదివందలు సి, ఎం. వంద తక్కువ వెయ్యి. ఈ ఆరూ ఒక మూల రాసిపెట్టుకోండి.

ఇప్పుడు పెద్ద సంఖ్య. 1947 తీసుకుందాం. ఏడాదిగా చెప్పేటప్పుడు పంతొమ్మిదివందల నలభై ఏడు అంటాం. అదే రూపాయలైతే ఏమంటాం? వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై ఏడు. అలా అనగానే సంఖ్య దానంతటదే నాలుగు ముక్కలైంది. వెయ్యి, తొమ్మిదివందలు, నలభై, ఏడు. ఒక్కో ముక్కనీ విడిగా రాసి పక్కపక్కన పెట్టడమే. వెయ్యికి ఎం. తొమ్మిదివందలకి సి, ఎం. నలభైకి ఎక్స్, ఎల్. ఏడుకి వి, ఐ, ఐ. కలిపి చదవండి: ఎం, సి, ఎం, ఎక్స్, ఎల్, వి, ఐ, ఐ. మన స్వాతంత్ర్యం వచ్చిన ఏడు.

మీ వంతుగా రెండు ఇస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956, తెలంగాణ ఏర్పడిన 2014. ముక్కలు చేసి రాయండి. కాసేపట్లో జవాబు చెబుతాను.

ఎక్కువమంది తడబడేది నలభై తొమ్మిది దగ్గర. "ఒకటి తక్కువ యాభై కదా, ఐ, ఎల్ అని రాస్తే పోదా?" అంటారు. తొందరపడకండి, నోటితో అనండి. నలభై, తొమ్మిది. రెండు ముక్కలు. నలభైకి ఎక్స్, ఎల్. తొమ్మిదికి ఐ, ఎక్స్. తొంభై తొమ్మిదీ అంతే: ఎక్స్, సి, ఐ, ఎక్స్. ఏ ముక్కకా ముక్క తన ఇంట్లోనే తగ్గించుకోవాలి, పక్కింటి జోలికి పోకూడదు. ఐ వెళ్లి వి ముందో ఎక్స్ ముందో నిలబడుతుంది, అంతకు మించి పైకి ఎక్కదు. ఎక్స్ ఎల్ ముందో సి ముందో నిలబడుతుంది. సి, డి ముందో ఎం ముందో.

సున్న సంగతి ఇక్కడ చెప్పాలి. రోమన్ అంకెల్లో సున్న లేదని, అందుకే అవి తక్కువరకమని పిల్లలకి చెబుతుంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. నూట ఐదు అనండి. మీ నోట ఎక్కడైనా సున్న పలికిందా? లేదు. వంద ఉంది, ఐదు ఉంది, పదులు లేవు; లేనిదాన్ని మనం పలకం. రోమన్ వాడూ రాయలేదు. సి, వి. అయిపోయింది. మనం అంకెల్లో రాసేటప్పుడు మాత్రం ఒకటి పక్కన ఐదు పెట్టేస్తే పదిహేనైపోతుంది. అందుకని మధ్యన ఖాళీ చోటు కాపలాకి సున్నని కూర్చోబెడతాం. మన పద్ధతిలో అంకె విలువ అది కూర్చున్న చోటుని బట్టి. వాళ్ల పద్ధతిలో గుర్తు ఎక్కడున్నా దాని విలువ దానిదే, నోటు మీద అచ్చైన విలువలాగ. నోటు లెక్కకి సున్న అక్కర్లేదు. చోటు లెక్కకి అదే ప్రాణం.

ఇక చదవడం. మీ పిల్లలో, బంధువులో అమెరికాలో ఉంటే ఇంట్లో ఎక్కడో ఒక డాలరు నోటు ఉండే ఉంటుంది. వెనక్కి తిప్పండి. ఎడమవైపు వలయంలో పైభాగం పూర్తికాని పిరమిడ్ ఒకటి ఉంటుంది. దాని అట్టడుగు రాతి వరస మీద కళ్లు చిట్లించి చూస్తే తొమ్మిది చిన్న అక్షరాలు. ఎం, డి, సి, సి, ఎల్, ఎక్స్, ఎక్స్, వి, ఐ. కుడివైపుకి పోతూ ప్రతి గుర్తునీ దాని తర్వాతి దానితో పోల్చండి. తర్వాతది పెద్దదా? కాదు. ఎక్కడా కాదు. అయితే చిల్లర వెనక్కి రాలేదు, అన్నీ కూడికలే. వెయ్యి, ఐదువందలు, రెండు వందలు, యాభై, రెండు పదులు, ఆరు. 1776. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జరిగిన ఏడు. న్యూయార్క్‌లో స్వేచ్ఛాప్రతిమ ఎడమ చేతిలో ఉన్న పలక మీద కూడా ఇదే ఏడు, దాని ముందు జూలై నెల పేరు, ఆ నెల పక్కన ఐ, వి. నాలుగో తేదీ. అక్కడ మాత్రం ఐ కంటే తర్వాతి వి పెద్దది కనుక రెంటినీ ఒక ముక్కగా పట్టుకుని ఒకటి తక్కువ ఐదు అని చదవాలి.

ఇందాకటి జవాబులు. 1956: ఎం, సి, ఎం, ఎల్, వి, ఐ. 2014: ఎం, ఎం, ఎక్స్, ఐ, వి. మీ పుట్టిన ఏడు కూడా రాసి చూసుకోండి. 2000లో పుట్టిన పిల్లలకి రెండే అక్షరాలు, ఎం, ఎం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన 1888కి పదమూడు. ఎం, డి, మూడు సి‌లు, ఎల్, మూడు ఎక్స్‌లు, వి, మూడు ఐ‌లు. ఇప్పటిదాకా గడిచిన సంవత్సరాల్లో ఇంతకంటే పొడవైనది లేదు. 1666 తీసుకుంటే ఏడు గుర్తులూ పెద్ద నుంచి చిన్నకి ఒక్కోటి ఒక్కసారే వస్తాయి. లండన్ నగరం తగలబడిన ఏడు అది. ఈ ఏడు గుర్తులతో 3999 వరకే వెళ్లగలం. నాలుగువేలకి ఐదువేల నోటు కావాలి, అది గల్లాలో లేదు. అంతకు మించితే గుర్తు నెత్తిన ఒక అడ్డగీత గీసి వెయ్యి రెట్లుగా చదువుకునేవారు.

ఇప్పుడొక తప్పు గురించి. నా తప్పే. ఏడో తరగతి అమ్మాయి ఒకతె పరీక్షలో నాలుగుకి నాలుగు నిలువు గీతలు గీసింది. ఐ, ఐ, ఐ, ఐ. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. కాగితాలు పంచాక ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. మర్నాడు తన నోట్‌బుక్కులో ఒక గుండ్రని గడియారం గీసుకొచ్చింది. వాళ్ల తాతగారి గోడగడియారమట. నాలుగు గంటల చోట నాలుగు గీతలు. "మా ఇంట్లో ఇలాగే ఉందండి" అంది. చాలా గడియారాల్లో అలాగే ఉంటుంది. ఇన్నాళ్లూ గడియారం చూస్తూ కూడా ఆ నాలుగు గీతల్ని నేను చూడలేదు.

గడియారంలో అలా రాస్తే ఓ అందం ఉంది. మొదటి నాలుగు గంటల్లో ఉత్త గీతలే. తర్వాతి నాలుగింట్లో వి చేరుతుంది. చివరి నాలుగింట్లో ఎక్స్. పన్నెండు గంటలూ మూడు సమానమైన వాటాలు. లెక్కపెట్టండి: మొత్తం ఇరవై ఐ‌లు, నాలుగు వి‌లు, నాలుగు ఎక్స్‌లు. ఐదు ఐ‌లు, ఒక వి, ఒక ఎక్స్ ఉన్న అచ్చు ఒకటి చేసుకుని నాలుగుసార్లు లోహం పోస్తే గడియారానికి సరిపడా అంకెలు. పైగా ఎదురుగా ఉన్న ఎనిమిదికి నాలుగు అక్షరాలు, ఇటు నాలుగుకీ నాలుగు. రెండు వైపులా బరువు కుదురుతుంది. లండన్‌లో బిగ్ బెన్ గంట ఉన్న గడియారం మీద మాత్రం ఐ, వి అనే ఉంటుంది.

రోమన్లే ఆ అమ్మాయి పక్షాన ఉన్నారని తర్వాత తెలుసుకున్నాను. రోమ్ నగరంలో కొలోసియం చూసినవాళ్లకి గుర్తుండొచ్చు. వేలమంది జనం తోసుకోకుండా లోపలికి వెళ్లడానికి బయటి కమానులకి అంకెలు చెక్కారు. కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. నలభై నాలుగో ద్వారం మీద ఏముంది? ఎక్స్, ఎల్, ఆ తర్వాత నాలుగు ఐ‌లు. నలభైని తగ్గించి రాశారు, నాలుగుని తగ్గించకుండా. ఒకే ద్వారం మీద రెండు పద్ధతులు. ఇవాళ మనం పిల్లల చేత వల్లె వేయిస్తున్న నియమాలు ఆ రాళ్లు చెక్కినవాళ్లని అంతగా కట్టిపడెయ్యలేదు. అవి బాగా గట్టిపడింది తర్వాతి కాలంలో. పరీక్షలో ఐ, వి రాయమనే చెబుతాను, అందరూ ఒకేలా రాస్తే అందరికీ సుళువు. కానీ నాలుగు గీతలు రాసిన పిల్లకి సున్న మార్కు వెయ్యొద్దని లెక్కల టీచర్లందరికీ మనవి. ఆ అమ్మాయి మార్కు నేను వెనక్కి ఇచ్చేశాను.

మరి ఈ అంకెలతో కూడికలెలా చేసేవారు? నన్ను చాలామంది అడిగిన ప్రశ్న. రాసి చెయ్యలేదు. చేత్తో చేశారు. గాడులు తీసిన పలక మీద చిన్న రాళ్లు జరుపుతూ లెక్కించి, వచ్చిన జవాబుని మాత్రమే రాసుకునేవారు. ఆ గులకరాయిని లాటిన్‌లో కాల్‌కులుస్ అంటారు. కాలిక్యులేటర్, కాలిక్యులస్ రెండూ ఆ రాయి పేరునించే వచ్చాయి. కిడ్నీలో రాళ్లున్నాయని ఇచ్చే రిపోర్టులో డాక్టర్లు రాసే మాట కూడా ఇదే.

మనం చింతగింజలతో చేసి చూద్దాం. 27కి 48 కలపాలి. నేలమీద మూడు గళ్లు గీయండి, పదులు, ఐదులు, ఒకట్లు. 27కి పదుల్లో రెండు గింజలు, ఐదుల్లో ఒకటి, ఒకట్లలో రెండు. 48కి పదుల్లో నాలుగు, ఐదుల్లో ఒకటి, ఒకట్లలో మూడు. అన్నీ ఆయా గళ్లలో వేసేశాక ఒకట్లలో ఐదు గింజలు చేరాయి. అవి తీసేసి ఐదుల గడిలో ఒకటి వెయ్యండి. ఐదుల్లో ఇప్పుడు మూడు. రెండు తీసి పదుల్లో ఒకటి వెయ్యండి. పదుల్లో ఏడు, ఐదుల్లో ఒకటి మిగిలాయి. ఆ ఏడు పదుల్లో ఐదింటిని ఒక యాభైగా మారిస్తే ఎల్, ఎక్స్, ఎక్స్, వి. 75. ఎక్కాలు అక్కర్లేదు, మనసులో గుర్తుపెట్టుకునే అంకె అక్కర్లేదు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనడానికి బదులు "లాభం" అంటూ మొదలుపెట్టి, కుంచానికో గింజ పక్కన వేసుకున్న మన రైతులకి ఈ పద్ధతి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇందాక చెప్పిన కర్ర మీది గాట్ల లెక్క ఇంగ్లండు ఖజానాలో ఎంత పాతుకుపోయిందంటే, పన్ను కట్టినదానికి రశీదుగా కర్ర మీద గాట్లు పెట్టి, దాన్ని నిలువునా చీల్చి చెరో సగం ఉంచుకునేవారు. రెండు సగాలు కలిపితే గాట్లు సరిపోవాలి, మోసానికి తావుండదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దాకా ఆ కర్రలు వాడారు. 1834 అక్టోబరులో పోగుపడిన పాత కర్రల్ని పార్లమెంటు భవనం పొయ్యిల్లో వేసి కాల్చేస్తుంటే మంటలు అదుపు తప్పి ఆ భవనమే కాలిపోయింది. దాని చోట కట్టిన కొత్త భవనానికి చేర్చిన గోపురంలోదే ఇందాక నేను చెప్పిన బిగ్ బెన్ గడియారం.

పైసా పైసా లెక్క రాసుకునే ఐరోపా వర్తకుడికి గుణకారం, వడ్డీ లెక్కలు కాగితం మీద చెయ్యాల్సిన అవసరం పెరిగేకొద్దీ రాళ్లూ రోమన్ అంకెలూ ఇరుకైపోయాయి. పీసా పట్టణానికి చెందిన ఫిబొనాచీ ఉత్తర ఆఫ్రికాలో కుర్రతనంలో నేర్చుకున్న భారతీయుల అంకెల్ని 1202లో ఒక పెద్ద పుస్తకంగా రాసి వాళ్ల చేతిలో పెట్టాడు. వాళ్లు వెంటనే కళ్లకద్దుకోలేదు. ఫ్లోరెన్స్‌లో డబ్బు మారకం చేసేవాళ్ల సంఘం 1299లో ఆ కొత్త అంకెల్ని పద్దుపుస్తకాల్లో రాయకూడదని కట్టడి చేసింది. వాళ్లకి మూర్ఖులని పేరుపెట్టడానికి నాకు మనసొప్పదు. మనం ఇవాళ్టికీ బ్యాంకు చెక్కు మీద అంకెల్లో రాసి ఊరుకోం, అక్షరాల్లోనూ రాస్తాం. అంకె పక్కన ఇంకో సున్న చేర్చడం ఎంత తేలికో మనకి తెలుసు. ఎం పక్కన దొంగతనంగా ఏదైనా చేరిస్తే వెయ్యి పదివేలు కాదు. ఆ అంకెలు ఫ్లోరెన్స్ చేరడానికి ముందే మన పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనవాళ్లకి స్థానాన్ని బట్టి విలువ కట్టే లెక్క అప్పటికే ఇంటి విద్య.

చివరగా ఒక రాయి గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. అది ఇప్పుడు జర్మనీలో బాన్ నగరపు మ్యూజియంలో ఉంది. క్రీస్తుశకం 9లో ట్యూటోబర్గ్ అడవిలో జర్మన్ తెగలు మాటువేసి మూడు రోమన్ సేనాదళాల్ని నేలమట్టం చేశాయి. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది అంకెలున్న దళాలు. ఆ మూడు అంకెల్నీ రోమ్ మళ్లీ ఏ దళానికీ పెట్టలేదు. ఆ దాడిలో చనిపోయిన మార్కుస్ కైలియుస్ అనే సైనికాధికారి జ్ఞాపకంగా తోడబుట్టినవాడు పబ్లియుస్ చెక్కించిన రాయి అది. ఆ రాతి మీద మార్కుస్ బొమ్మ ఉంది, ఛాతీ నిండా పతకాలు. అతని శరీరం దొరకలేదు. ఎముకలు తెచ్చి ఇక్కడ పెట్టొచ్చని పబ్లియుస్ రాతిలో రాయించాడు.

మార్కుస్ దళం అంకెని మన పుస్తకాల ప్రకారం ఎక్స్, వి, ఐ, ఐ, ఐ అని రాయాలి. రాయి మీద అలా లేదు. ఎక్స్, ఐ, ఐ, ఎక్స్ అని ఉంది. పది, ఆ తర్వాత రెండు తక్కువ పది. నోటితో రెండు తక్కువ ఇరవై అనేవాళ్ల చెయ్యి అలాగే రాసింది. దాని దగ్గర్లోనే వయసు. ఎల్, ఐ, ఐ, ఐ, పక్కన ఎస్ అన్న ఒక గుర్తు. సెమిస్ అన్న లాటిన్ మాటకి పొడి అక్షరం అది, సగం అని అర్థం. యాభై నోటొకటి, మూడు గీతలు, ఒక అర. యాభై మూడున్నర ఏళ్లు.